రమల్లాలో అరాఫత్ మ్యూజియం: 2004 దగ్గర ఆగిపోయిన కథ

వెస్ట్ బ్యాంక్‌లో పాలస్తీనీయుల పాలనా కేంద్రమైన రమల్లాలో, వాళ్ల నాయకుడు యాసర్ అరాఫత్ పేరిట ఉన్న మ్యూజియానికి నేను ఐదింటికి నాలుగు స్టార్లు ఇస్తాను. కట్టడం బాగుంది, వస్తువులు అసలైనవి, మనసుపెట్టి చూడాలంటే ఒక పూట సరిపోదు. ఒక స్టార్ తగ్గించింది సౌకర్యాలు లేక కాదు. అక్కడ కథ 2004 నవంబరు 11న, పారిస్ దగ్గరి సైనిక ఆసుపత్రిలో అరాఫత్ కన్నుమూయడంతో ఆగిపోతుంది. ఆయన పోతే ఇజ్రాయెల్, పాలస్తీనీయుల మధ్య శాంతికి దారి తెరుచుకుంటుందని ఆ రోజుల్లో వాషింగ్టన్‌లోనూ జెరూసలేంలోనూ పెద్ద పెద్దవాళ్లే అన్నారు. తెరుచుకుందా? లేకపోతే ఎందుకు తెరుచుకోలేదు? నేను వెతుక్కుంటూ వెళ్లింది ఈ జవాబు కోసమే. అది అక్కడ దొరకలేదు.

నేను జగిత్యాలలో ఇంటర్ పిల్లలకు సివిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. 1983లో ఢిల్లీలో జరిగిన అలీన దేశాల సదస్సుకు అరాఫత్ వచ్చినప్పుడు పేపర్లలో వచ్చిన ఫొటోలు చూసిన తరం మాది. ఇందిరాగాంధీని ఆయన సోదరి అని పిలిచేవాడని మాకు తెలుసు. అరాఫత్ నడిపిన పాలస్తీనా విమోచన సంస్థను (పీఎల్ఓను) గుర్తించిన మొదటి అరబ్బేతర దేశం మనదేనని, 1988లో పాలస్తీనాను దేశంగానూ గుర్తించామని, 1992లో ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు పెట్టుకున్నామని క్లాసులో వరసగా చెప్పేవాణ్ణి. అందుకే మా అక్క కొడుకు దగ్గరికి ఇజ్రాయెల్ వెళ్లినప్పుడు రమల్లా చూడకుండా తిరిగి రాకూడదనుకున్నాను. వాడు టెల్ అవీవ్ పక్కన రమత్ గన్‌లో ఒక వృద్ధురాలికి కేర్‌గివర్. మా జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ వైపు ఊళ్ల నుంచి ఆ పని మీద ఇజ్రాయెల్ వెళ్లినవాళ్లు చాలామందే ఉన్నారు.

ఇది 2023 వసంతం నాటి మాట. "మామా, అటెందుకు పోతవ్? జెరూసలేం చూసినవ్, బెత్లెహేం చూసినవ్, చాలదా? నాకు టెన్షన్‌గ ఉంటది" అన్నాడు వాడు. పాస్‌పోర్ట్ జేబులోనే ఉంచుకుంటానని, చీకటి పడకముందే వచ్చేస్తానని మాటిచ్చి బయల్దేరాను.

దారి కష్టం కాదు. తూర్పు జెరూసలేంలో డమాస్కస్ గేటు దగ్గరి బస్టాండులో రమల్లా బస్సు ఎక్కాలి. దూరం 15 కిలోమీటర్ల లోపే. పోయేటప్పుడు ఎవరూ ఆపలేదు. వచ్చేటప్పుడు ఖలందియా చెక్‌పోస్టు దగ్గర ఆపారు. బస్సులో ఉన్న పాలస్తీనా కుర్రాళ్లంతా దిగి, ఇనుప గేట్లలోంచి నడిచి, అవతల మళ్లీ బస్సెక్కాలి. ఆ కుర్రాళ్లకు అది రోజువారీ బతుకు. మ్యూజియం చూడాలనుకునేవాళ్లు ఈ బస్సులోనే వెళ్లి ఈ బస్సులోనే తిరిగి రావాలని నా సలహా. టూరు కంపెనీ కారులో వెళితే ఇది కనిపించదు.

మ్యూజియం ఉన్నది ముకాతాలో. పాలస్తీనా అధ్యక్షుడి కార్యాలయం కూడా అక్కడే. ఆ చోటికి మన చరిత్రతోనూ ఒక ముడి ఉంది. బ్రిటిష్ పాలనలో పాలస్తీనా అంతటా పోలీసు కోటలు కట్టించిన చార్లెస్ టెగార్ట్ అంతకుముందు కలకత్తా పోలీసు కమిషనర్. బెంగాల్ విప్లవకారులను వేటాడినవాడు. ముకాతాను కూడా ఆ టెగార్ట్ కోటల్లో ఒకటిగానే లెక్కేస్తారు. బ్రిటిష్ వాళ్లు పోయాక జోర్డాన్, తర్వాత ఇజ్రాయెల్ సైన్యం, పాలస్తీనీయులకు పరిమిత స్వపరిపాలన తెచ్చిన ఓస్లో ఒప్పందాల తర్వాత అరాఫత్. ఇన్ని చేతులు మారిన ప్రాంగణంలో నిలబడి చూస్తే ఆ ప్రాంతపు చరిత్ర పాఠం చెప్పడం నాకు ఇంకాస్త తేలికయ్యేదనిపించింది.

ముందు సమాధి చూడండి. లేత రంగు రాయితో, అద్దాలతో కట్టిన ఘనాకారపు మందిరం అది. ఒక్కో వైపు 11 మీటర్లు, నవంబరు 11కి గుర్తుగా. మూడు వైపులా నీళ్లు. సమాధి కింద రైలు పట్టా ముక్క ఒకటి పెట్టారు. ఇది తాత్కాలికమని, ఏదో ఒక రోజు ఆయన్ని జెరూసలేంకు తీసుకెళతామని చెప్పడానికి. జెరూసలేంలో పాతిపెట్టడానికి ఇజ్రాయెల్ ఒప్పుకోలేదు కాబట్టి అక్కడి అల్ అక్సా మసీదు నుంచి మట్టి తెచ్చి ఇక్కడ వేశారు. 2018 ఫిబ్రవరిలో మన ప్రధాని మోదీ పుష్పగుచ్ఛం ఉంచింది ఇక్కడే. ఆ రోజు ఆయన మ్యూజియం కూడా చూశారు. 2012లో విష ప్రయోగం అనుమానంతో ఇదే సమాధి తవ్వి నమూనాలు తీశారు. స్విస్ నిపుణులు పొలోనియం అనే రేడియోధార్మిక విషం ఆనవాళ్లున్నాయన్నారు, ఫ్రెంచి వాళ్లు అది సహజంగానే వచ్చిందన్నారు, 2015లో ఫ్రాన్సులో కేసు మూసేశారు. ఆయన్ని ఎవరు చంపారన్న చర్చలో పడి, ఆయన పోయాక ఏమైందన్న చర్చ పక్కకు పోయిందని నా బాధ.

సమాధినీ మ్యూజియాన్నీ రూపొందించింది ఒకే ఆర్కిటెక్ట్, జాఫర్ తుకాన్. 2016 నవంబరులో మ్యూజియం తెరిచేనాటికి ఆయన లేడు. లోపల గదుల వరస బదులు వాలుగా పైకి సాగే దారి ఉంటుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మొదలుపెట్టి, నడిచేకొద్దీ ఏళ్లు గడుస్తాయి: 1948లో ఊళ్లు విడిచి పోయిన జనం, 1968లో జోర్డాన్ నేల మీద ఇజ్రాయెల్ సైన్యంతో కరామే యుద్ధం, 1969లో పీఎల్ఓ ఛైర్మన్‌గా అరాఫత్, బీరూట్, 1982లో ఓడలెక్కి ట్యునీసియాకు. 1974లో ఐక్యరాజ్యసమితిలో ఒక చేత ఆలివ్ కొమ్మ, ఒక చేత తుపాకీతో వచ్చాను, ఆలివ్ కొమ్మను నా చేతి నుంచి జారనివ్వకండి అన్న ప్రసంగం దగ్గర నేను చాలాసేపు ఆగాను. పిల్లలకు ఆ వాక్యం ఎన్నోసార్లు చెప్పినవాణ్ణి. వివరాలు అరబ్బీతోపాటు ఇంగ్లిష్‌లోనూ ఉన్నాయి కాబట్టి మనవాళ్లకు ఇబ్బంది లేదు.

ఆయన నల్ల కళ్లజోడు, తలకు చుట్టుకునే గళ్ల గుడ్డ కెఫియా, తుపాకీ, నోబెల్ బహుమతి అద్దాల వెనక ఉన్నాయి. నోబెల్ కథ తెలుసుకుని చూస్తే బరువు తెలుస్తుంది. 1994లో ఇజ్రాయెల్ ప్రధాని రబీన్, విదేశాంగ మంత్రి పెరెస్‌లతో కలిపి ఇచ్చిన బహుమతి అది. 2007లో అరాఫత్ పార్టీ ఫతాకు ప్రత్యర్థి అయిన ఇస్లామిక్ సాయుధ సంస్థ హమాస్ గాజాను చేజిక్కించుకున్నప్పుడు గాజాలోని అరాఫత్ ఇల్లు లూటీ అయింది. బహుమతి అక్కడే చిక్కుకుంది. చాలా ఏళ్ల తర్వాత మ్యూజియం కోసం రమల్లా చేరింది. ఒక శాంతి బహుమతి సొంత జాతిలోని రెండు ముక్కల మధ్య చేతులు మారాల్సి వచ్చిందంటే, ఆయన మరణం తర్వాతి చరిత్ర సగం అందులోనే ఉంది. పక్కన రెండు వాక్యాలు రాసి పెడితే ఎంత బాగుండేది!

దారి చివర ఒక వంతెన దాటితే పాత ముకాతాలోకి అడుగుపెడతాం. మొత్తం మ్యూజియంలో నాకు మరిచిపోలేనిది ఇదే. 2002 మార్చి 27న నెతన్యాలోని పార్క్ హోటల్లో పాస్ఓవర్ పండగ విందు జరుగుతుండగా హమాస్ ఆత్మాహుతి దాడిలో 30 మంది చనిపోయారు. రెండు రోజుల్లో ఇజ్రాయెల్ ట్యాంకులు ముకాతాలోకి వచ్చాయి. అప్పటి నుంచి చివరి జబ్బు దాకా అరాఫత్ దాదాపు ఇక్కడే బందీ. కిటికీలకు అడ్డంగా ఇసుక బస్తాలు, కాపలావాళ్లు పడుకున్న పరుపులు, అందరూ కూర్చుని మాట్లాడిన బల్ల. ఆయన పడకగది మరీ చిన్నది. ఒంటి మంచం, చిన్న అల్మరా, అందులో కొన్ని యూనిఫారాలు. ప్రపంచమంతా తిరిగిన మనిషి చివరి ఏళ్లు ఇంత చోటులో గడిచాయి. 2004 అక్టోబరు 29న జోర్డాన్ హెలికాప్టర్ ఎక్కేటప్పుడు ఉన్ని టోపీ పెట్టుకుని జనానికి ముద్దులు విసిరిన ముసలాయన్ని టీవీలో చూశాను. ఆయన బయల్దేరింది ఈ గదిలోంచేనని తెలిసి చూడటం వేరు.

ముట్టడికి ఇచ్చినంత చోటు ఇజ్రాయెల్ బస్సుల్లో, హోటళ్లలో చనిపోయిన మామూలు మనుషులకు ఇచ్చినట్టు నా కంటికి అనిపించలేదు. ఇది పాలస్తీనీయులు తమ కథ తాము చెప్పుకునే చోటు, నిజమే. అయినా అరాఫత్‌ను ఇజ్రాయెల్ ప్రజల్లో శాంతి కోరేవాళ్లు కూడా ఎందుకు వదులుకున్నారో అర్థం కావాలంటే ఆ మృతుల సంగతీ చెప్పి తీరాలి.

ఇక నా అసలు ఫిర్యాదు. 2002 జూన్‌లో అమెరికా అధ్యక్షుడు బుష్ పాలస్తీనీయులకు కొత్త నాయకత్వం కావాలని బహిరంగంగా అన్నాడు. మాట్లాడటానికి అవతల మనిషే లేడన్నది ఇజ్రాయెల్ ప్రధాని షరోన్ మాట. అంటే అడ్డంకి ఒక్క మనిషి అని లెక్క. ఆ మనిషి చనిపోయాడు. తర్వాతి కొన్ని నెలల్లో జరిగింది చూస్తే ఆశ పుట్టడం సహజమే. చట్టం ప్రకారం పార్లమెంటు స్పీకర్ రౌహీ ఫత్తూహ్ 60 రోజులు తాత్కాలిక అధ్యక్షుడయ్యాడు, గడువులోనే ఎన్నిక జరిగింది. 2005 జనవరి 9న మహమూద్ అబ్బాస్ 62 శాతం ఓట్లతో గెలిచాడు. సాయుధ తిరుగుబాటు వద్దని అరాఫత్ బతికున్నప్పుడే ధైర్యంగా చెప్పినవాడు ఈయన. ఫిబ్రవరి 8న షరమ్ అల్ షేక్‌లో షరోన్, అబ్బాస్ చేతులు కలిపి హింస ఆపుతున్నామని ప్రకటించారు. వాషింగ్టన్ అడిగిన మనిషే ఎదురుగా కూర్చున్నాడు.

అలాంటి మనిషి చేతిలో ఏం పెట్టారు? నా దృష్టిలో ప్రశ్న ఇదొక్కటే. 2005 ఆగస్టు, సెప్టెంబరుల్లో షరోన్ గాజాలోని 21 సెటిల్‌మెంట్ల (పాలస్తీనా నేల మీద ఇజ్రాయెల్ వాళ్లు కట్టుకున్న కాలనీల) నుంచి సుమారు 8 వేల మందిని ఖాళీ చేయించాడు. ఎంతో పెద్ద నిర్ణయం, సొంత పార్టీని చీల్చుకుని మరీ చేశాడు. కానీ దాన్ని అబ్బాస్‌తో ఒప్పందంగా చేయలేదు. ఆ ఒక్క పని ఆయనతో కూర్చుని, ఆయన సంతకంతో చేసి ఉంటే, మాటలతో నేల తిరిగి వస్తుందని అబ్బాస్ తన ప్రజలకు చూపించగలిగేవాడు. ఏకపక్షంగా వెళ్లిపోయేసరికి, మా తుపాకులకు భయపడి పోయారని హమాస్ చెప్పుకుంది. జనం నమ్మారు. 2006 జనవరి 25 పార్లమెంటు ఎన్నికల్లో 132 సీట్లలో 74 హమాస్‌వి. షరోన్ అప్పటికే పక్షవాతంతో కోమాలో ఉన్నాడు. ఏడాదిన్నరలో గాజా హమాస్ చేతికి, వెస్ట్ బ్యాంక్ అబ్బాస్ చేతికి.

అరాఫత్ చనిపోవడానికి కొన్ని వారాల ముందే షరోన్ సలహాదారు డోవ్ వైస్‌గ్లాస్ ఒక ఇంటర్వ్యూలో గాజాను ఖాళీ చేసే పథకం ఉద్దేశం శాంతి ప్రక్రియను స్తంభింపజేయడమేనని చెప్పాడు. ఇది తెలిశాక అడ్డంకి అరాఫత్ ఒక్కడేనన్న మాట నేను ఒప్పుకోలేను. పోనీ ఆయన్ని పూర్తిగా వెనకేసుకొస్తానా అంటే అదీ లేదు. డబ్బు, నియామకాలు, డజను భద్రతా విభాగాలు, అన్నీ ఒక్క చేతిలో పెట్టుకున్నాడు. ఊరి మధ్య మర్రిచెట్టు లాంటి నాయకుడు, కింద ఇంకో మొక్కను ఎదగనివ్వలేదు. ఆయన మాట మీద నిలిచిన ఫతా, ఆయన పోయాక ముఠాలుగా విడిపోయి 2006లో తమ ఓట్లు తామే చీల్చుకుంది. శరణార్థులు తిరిగి వచ్చే హక్కు, జెరూసలేం లాంటి విషయాల్లో రాజీపడి సంతకం పెట్టినా జనం సహించే మనిషి ఎవరైనా ఉన్నాడంటే అది అరాఫతే. 2000లో అమెరికా జరిపించిన క్యాంప్ డేవిడ్ శాంతి చర్చల్లో ఆయన పెట్టలేదు. పెట్టదలిచినా అంత బలం తర్వాత వచ్చినవాళ్లకు లేదు.

రమత్ గన్‌కు తిరిగొచ్చాక మావాడు చూసుకునే పెద్దావిడ నన్ను ఇంగ్లిష్‌లో అడిగింది, అక్కడ ఏం చూశావని. చెప్పాను. అరాఫత్ చనిపోయిన రోజు ఆమె సంతోషించిందట, దాచుకోలేదు. తర్వాత, "మాకు శాంతిని దూరం చేసిన చావు అతనిది కాదు, రబీన్‌ది" అంది. 1995 నవంబరు 4న రబీన్‌ను కాల్చింది ఒక యూదుడే. ఆమె పట్టుబట్టి మరీ టెల్ అవీవ్‌లోని రబీన్ సెంటర్‌కు నన్ను పంపింది. మోషే సాఫ్దీ డిజైన్ చేసిన ఆ మ్యూజియంలో దారి చుట్లు తిరుగుతూ కిందికి దిగుతుంది, రమల్లాలో పైకి ఎక్కుతుంది. రెండింటిలోనూ 1993 సెప్టెంబరు 13న వైట్ హౌస్ పచ్చికలో అరాఫత్, రబీన్ చేతులు కలపడం దగ్గరికి చేరుకుంటాం. ఒక్కదాన్నే చూసి రావద్దని, వీలుంటే రెండూ చూడమని చెబుతాను.

ఇదంతా పాత చరిత్ర కాదు. అబ్బాస్ 1935లో పుట్టాడు. నాలుగేళ్ల పదవికి 2005లో గెలిచి, ఇరవై ఏళ్లు దాటినా ఇంకో అధ్యక్ష ఎన్నిక జరపలేదు. 2021లో ప్రకటించి, తూర్పు జెరూసలేంలో ఓటింగుకు ఇజ్రాయెల్ ఒప్పుకోలేదని వాయిదా వేశాడు. అరాఫత్ మేనల్లుడు, ఈ మ్యూజియాన్ని దగ్గరుండి కట్టించిన నాసర్ అల్ ఖుద్వా, ఆ ఎన్నికల్లో వేరే జాబితా పెడతానన్నందుకు ఫతా నుంచి బహిష్కృతుడయ్యాడు. 2004లో వారసత్వం సాఫీగా జరగడానికి ఒక స్పీకర్ ఉన్నాడు, ఒక చట్టం ఉంది. ఆ పార్లమెంటును 2018లో రద్దు చేశారు. 2025లో అబ్బాస్ హుసేన్ అల్ షేక్‌ను ఉపాధ్యక్షుడిగా నియమించాడు, అదీ నియామకమే తప్ప జనం ఓటు కాదు. చాలామంది పాలస్తీనీయులు కోరుకునే ఫతా నాయకుడు మర్వాన్ బర్ఘూతీ 2002 నుంచి ఇజ్రాయెల్ జైల్లో ఉన్నాడు. ఇంకోవైపు ఓస్లో నాడు వెస్ట్ బ్యాంక్‌లో లక్షకు కాస్త పైగా ఉన్న ఇజ్రాయెల్ సెటిలర్లు ఇప్పుడు తూర్పు జెరూసలేం కాకుండానే 5 లక్షలు దాటారు. నేను తిరిగొచ్చిన కొన్ని నెలలకే ఇజ్రాయెల్ మీద హమాస్ అక్టోబరు 7 దాడి, సుమారు 1,200 మంది మృతి, ఆ తర్వాత గాజాలో పదుల వేల మరణాలు. అబ్బాస్ తర్వాత వచ్చే మనిషి గురించి కూడా రేపు పేపర్లు, కొత్త నాయకుడు, కొత్త ఆశ అని రాస్తాయి. ఆ రోజు ఆయనకు ఎన్నికైన అధికారం ఉందా, సెటిల్‌మెంట్లు ఆగాయా, గాజా మీద ఆయన మాట చెల్లుతుందా అని చూడండి.

మ్యూజియం వాళ్లకు అక్కడి సందర్శకుల పుస్తకంలో రాసిందే ఇక్కడా రాస్తున్నాను. పడకగది తర్వాత ఇంకొక్క గది కావాలి. 2005 ఎన్నికల బ్యాలెట్, షరమ్ అల్ షేక్ ఫొటో, 2006 ఫలితాల పట్టిక, 2007లో గాజాలో ఫతా, హమాస్ వీధుల్లో కాల్చుకున్న రోజుల సంగతి. నాయకుడు పోయాక తమకు ఏం జరిగిందో తామే చెప్పుకునే గది. అది కడితే నా ఐదో స్టార్ ఇచ్చేస్తాను.

వెళ్లేవాళ్ల కోసం: టికెట్ ధర చాలా తక్కువ. తెరిచే రోజులు, వేళలు ముందుగా ఫోన్ చేసి కనుక్కోండి. ఇజ్రాయెల్ వీసా ఉన్న పాస్‌పోర్ట్, ప్రవేశ స్లిప్ తప్పనిసరిగా దగ్గర ఉండాలి, తిరుగు ప్రయాణంలో చూపించాలి. రమల్లాలో మన దేశపు ప్రతినిధి కార్యాలయం ఉంది, దాని నంబరు రాసి పెట్టుకోండి. పరిస్థితి రోజురోజుకీ మారుతుంది కాబట్టి బయల్దేరేముందు భారత ప్రభుత్వ ప్రయాణ సూచనలు చూడండి, వద్దంటే మానుకోండి. సింహాల బొమ్మలున్న అల్ మనారా కూడలి నుంచి ముకాతాకు నడిచి పోవచ్చు. కనీసం మూడు గంటలు చేతిలో ఉంచుకోండి, అందులో ఒక గంట ఆ పాత గదులకే.